ఒక సీసా తక్కువ

రవీ,

నిన్న నీ పుట్టినరోజు. నువ్వు పోయాక మొదటిది. వరంగల్ నుంచి వచ్చిన అత్తమ్మ, ఇంగ్లండ్‌లో, స్లౌలోని మన ఫ్లాట్‌లో నీకిష్టమైన సేమ్యా పాయసం చేసింది. మన మీనూ సగం గిన్నె తినేశాక అడిగాను.

"యాలకులు వేశావా అత్తమ్మా?"

"అయిపోయినయ్ బిడ్డా. రవి అల్మారల ఎసెన్సు సీసాలున్నయ్ గద, ఒకటి పోసిన."

సిగరెట్ మానడానికి నువ్వు ఇంట్లో వేప్ లిక్విడ్, అదే ఈ-సిగరెట్‌లో పోసే ద్రవం, కలుపుకోవడానికి తెచ్చుకున్న సీసాలవి. ఫ్లేవర్లూ నికోటినూ ఒకేలాంటి సీసాల్లో ఉంటాయి. నికోటిన్ కడుపులోకి పోతే విషం. అత్తమ్మకు ఇంగ్లిష్ చదవడం రాదు. ఖాళీ సీసాను లేబుల్ ఊడిపోయేలా కడిగేసింది కూడా. పాయసం వాసన చూశాను. భయంలో ఏ వాసనా తెలియలేదు.

"స్పూన్ కింద పెట్టు!" అని అరిచాను.

"వై, మమ్మీ?" అంది మీనూ, బెదిరిపోయి.

ప్రతి సీసా లేబుల్ మీదా నంబరు వేసి, ఏది ఎంత మిగిలిందో నువ్వు రాసుకున్న పుస్తకం అల్మారాలోనే ఉంది. ఈ పిచ్చి రాతలెందుకని నిన్ను ఎన్నిసార్లు విసుక్కున్నానో. అంబులెన్సుకు ఫోన్ చేయడానికి ఒక చేత్తో మొబైల్ పట్టుకుని, పుస్తకంలోని ఒక్కో పేరుకూ సీసా వెతికాను. స్ట్రాబెర్రీ ఉంది. మామిడి ఉంది. నికోటిన్ రెండని రాశావు. ఒకటే కనబడింది. మీనూ వైపు చూడలేకపోయాను. రెండోది వెనక వరసలో, సీలు తీయకుండా దొరికింది. లేనిది వెనీలా ఒక్కటే. పాయసంలో పడింది అదేనని తేలాక మొబైల్ కింద పెట్టాను.

ఈరోజు ఆ రెండు నికోటిన్ సీసాలనూ కౌన్సిల్ రీసైక్లింగ్ సెంటర్‌లో అప్పగించి వచ్చాను. పుస్తకంలో వెనీలా పక్కన 'అయిపోయింది' అని రాయాలి. పెన్ను పట్టుకుని కూర్చున్నాను. నీ రాత పక్కన నా రాత పెట్టాలంటే భయంగా ఉంది.

సుమ