పిత్తనాళంలో రాయి

1986 ఆగస్టు, మంగళవారం రాత్రి

మూడు నెలల తర్వాత ఇవాళ తేలింది. కొత్తగా తెప్పించిన స్కానింగ్ మిషను మీద చూసి డాక్టరు, "పిత్తనాళంలో రాయి అడ్డుపడింది. అందుకే కామెర్లు తగ్గడం లేదు. ఆపరేషన్ చెయ్యాలి" అన్నాడు.

ఇన్నాళ్లూ రక్తపరీక్షకు పంపిన ప్రతి డాక్టరూ ముందు అడిగింది ఒకటే: "మందు అలవాటుందా?" లేదని చెప్తే నవ్వేవారు. పోర్టులో క్రేన్ నడిపేవాడు తాగకుండా ఉంటాడా అని.

వాళ్లు పరాయివాళ్లు, పోనీ. నా భార్య పార్వతి తమ్ముడు కూడా, "బావా, నిజం సెప్పు. అక్కకి సెప్పన్లే" అని బతిమాలాడు. నేను బయటికి వెళ్లొస్తే చాలు, పార్వతి నా నోరు వాసన చూసేది. ఒకరోజు మా పాప తల మీద చెయ్యి వేయించి ఒట్టు పెట్టించుకుంది. మర్నాడు మళ్లీ వాసన చూసింది.

సాయంత్రం స్కానింగ్ కాగితం ఆమె చేతిలో పెట్టి సంగతంతా చెప్పాను. తప్పయిపోయిందంటుందనుకున్నాను. కాగితం అటూ ఇటూ తిప్పి చూసి, "అయితే నిజంగానే తాగనేదేటి?" అంది, ఆశ్చర్యంగా.

పాప ప్రాణం మీద కూడా అబద్ధం ఆడేవాడిననుకుంటూనే ఇన్నాళ్లూ నాకు పథ్యం వండిపెట్టిందన్నమాట.

"నాను ముట్టనేదని సెప్తానే ఉన్నాను గదే" అన్నాను.

"ఆపరేషనంటే బయ్యమేత్తంది" అంటూ ఏడుపు మొదలెట్టింది.

ఓదార్చడానికి నాకు మనసు రాలేదు.