గట్టు మీది తిట్లు

నవంబరు 3, 1903. మంగళవారం.

కబురు నిజమే. కాకినాడ హార్బరు కంపెనీ క్లబ్బువాళ్ళు మన పెదబాబుని అడుగుతున్నారు. వాళ్ళ ఫుట్‌బాలు టీముకి గోల్‌కీపరుగా ఆడాలి, కంపెనీ లాంచీ మీద ఉద్యోగం ఇస్తారు, ఉండటానికి గది కూడా. హెడ్ క్లర్కు రోజారియో గారు ఇరవై ఒకటో తేదీన వచ్చి, వాడి ఆట చూసి, నచ్చితే ఖాయం చేసుకుంటారట.

పొద్దుటినుంచి క్లాసులో భిన్నాలు చెబుతున్నానే గానీ బుర్రంతా మైదానంలోనే ఉంది. ఇక్కడి మన టీముకి సెక్రటరీని నేను. వెళ్ళమనడానికి నోరు రాదు, ఉండిపొమ్మనడానికి మొహం చెల్లదు. కిందటేడు వరదకి వాళ్ళ నావ ముక్కలైపోయింది. అప్పటినుంచి పెదబాబు ఇంకొకరి నావ మీద కూలికి వల లాగుతున్నాడు. ఇంట్లో ఉన్నది వాడూ, తల్లి రత్తమ్మగారూ. వాడికి ఈ ఉద్యోగం కావాలి. నాకు వాడు కావాలి. ఇదీ సంగతి.

నవంబరు 4.

వాడికి బదులు మనం ఏం పుచ్చుకోవాలన్నది అప్పుడే మొదలుపెట్టారు. కోర్టులో నకళ్ళు రాసే బుల్లియ్య ఒక కొత్త తోలు బంతి చాలంటాడు. కలప అడితీ పెద్దిరాజు రెండు బంతులూ, గాలి కొట్టే పంపూ లేనిదే వదలొద్దంటాడు. నావవాడికి బదులు బంతులు! నవ్వాలో ఏడవాలో తెలియలేదు.

నవంబరు 7. శనివారం సాయంత్రం.

చీకటి పడేదాకా మిషను మైదానం గట్టు మీద ఇదే రభస.

బుల్లియ్య పట్టిన పట్టు ఏంటంటే, పెదబాబు పని అయిపోయింది. కిందటి నెల సామర్లకోట మీద మూడు గోల్స్ వదిలాడు, అందులో ఒకటి కాళ్ళ సందులోంచి పోయింది, ఒకప్పటి పెదబాబయితే పడుకుని కూడా ఆపేవాడు. కాకినాడవాళ్ళకి సంగతి తెలియకముందే ఒక బంతి పుచ్చుకుని పంపించెయ్యడం తెలివి. పెద్దిరాజుకి ఒళ్ళు మండింది. ఆ రోజు మోకాలి లోతు బురద, బ్యాకులిద్దరూ జారిపడ్డారు, వాళ్ళనెవరూ ఏమీ అనరేం అన్నాడు. ఎవరికి ఎవరూ తగ్గలేదు. చివరికి ఇద్దరూ నావైపు తిరిగి సెక్రటరీగారు చెప్పాలన్నారు. ఫామ్ తగ్గిన మాట నిజమేననీ, ఎందుకు తగ్గిందో తెలియడం లేదనీ చెప్పాను. ఇద్దరికీ నామీదే కోపం వచ్చింది.

ఇంతా చేసి ఈ వాదన పెదబాబు వినేటట్టు జరగలేదు. వాడు అటు రాగానే మళ్ళీ మామూలు తిట్లు మొదలు. చేతులకి ఆముదం రాసుకొచ్చావా అని ఒకడు, గోలు దగ్గర నిద్రపోతున్నావా అని ఒకడు.

ఈ తిట్ల కథ రాసిపెట్టాలి. కిందటి ఫిబ్రవరిలో ఏలూరు మీద గెలిచినప్పుడు జనం పెదబాబుని భుజాల మీద ఊరేగించారు. ఇలాంటివాడు మద్రాసులో కూడా లేడని ఒకటే పొగడ్త. మర్నాటికి వాడు జ్వరంతో మంచం పట్టాడు. మనిషి దక్కడనే అనుకున్నాం. రత్తమ్మగారు గట్టు మీదికి వచ్చి అందరికీ దణ్ణం పెట్టి, మీ నోళ్ళ దిష్టే తగిలింది బాబూ, ఇక మీదట మావాణ్ణి తిట్టండిగానీ పొగడకండి అని ఏడ్చింది. అందరం మాటిచ్చాం. అప్పటినుంచి వాడు ఎంత బాగా ఆడితే అన్ని తిట్లు తిడతాం. ముద్దొచ్చే పిల్లని నల్లపిల్లా అన్నట్టే ఇదీ. కొత్తవాళ్ళకి పిచ్చిగా ఉంటుందేమో గానీ మాకు అలవాటైపోయింది.

లూథరన్ మిషను టీచరునై ఉండి దిష్టి ఏంటని పాదిరిగారు ఒకసారి అడిగారు. నమ్మకం కాదండి, మర్యాద అన్నాను.

నవంబరు 9.

రత్తమ్మగారు చేపల బుట్ట దించి మా గుమ్మంలో కూర్చుంది. నెత్తి మీద బుట్టతో ఇక తిరగలేకపోతోందట, మెడ నరాలు లాగేస్తున్నాయట. ఈ ఉద్యోగం వస్తే కొడుకు దగ్గరికి కాకినాడ పోతుంది. కాకపోతే ఒక్కటే భయం. రోజారియో దొరగారొచ్చిన రోజున జనం సంబరంలో నోరు జారతారేమోనని. నా చేత మళ్ళీ మాట తీసుకుంది. ఇచ్చాను.

నవంబరు 14.

ప్రాక్టీసులో పెదబాబునే గమనించాను. బంతి పట్టుకున్న ప్రతిసారీ గట్టు వైపు చూస్తాడు. మేం తిడతాం. తల దించుకుంటాడు. దొర వస్తున్నాడన్న బెంగ కాబోలు.

నవంబరు 21. శనివారం. సాయంత్రం ఏడు గంటలు.

జరిగిందంతా ఇవాళే రాయాలి.

రోజారియో గారు పగటి బండికి దిగారు. బొంబాయి వైపు మనిషి. కాకినాడ వచ్చి రెండేళ్ళే అయినా రేవులో కూలీలతో మాట్లాడి మాట్లాడి తెలుగు బాగానే వచ్చింది. కుర్చీ వేయిస్తానంటే వద్దన్నారు. ఆట తెలిసిన జనం మధ్య కూర్చుంటేనే ఆటగాడి అసలు విలువ తెలుస్తుందట. వెళ్ళి బుల్లియ్య పక్కనే కూర్చున్నారు. నాకు అప్పుడైనా తట్టి ఉండాల్సింది.

ఆట ధవళేశ్వరం వర్క్‌షాపు టీముతో. ఏం ఆడాడు పెదబాబు! మొదటి పది నిమిషాల్లోనే, ఖాయమనుకున్న గోల్స్ రెండు ఆపాడు. ఒకసారైతే గోలు వదిలేసి మైదానం మధ్యదాకా పరుగెత్తి, మన సగంలో ఎక్కడైనా గోల్‌కీపరు చేత్తో పట్టొచ్చన్న రూలుంది గనక, ఇద్దరి తలల మీదనుంచి బంతి లాక్కున్నాడు. ఇంత ఆట నేను ఏలూరు నాడు కూడా చూడలేదు. గట్టంతా లేచింది. లేచి ఒక్క గొంతుతో తిట్టింది. పనికిమాలినవాడా, చేతులా చేటలా, పోయి వల కుట్టుకో. బుల్లియ్య సంతోషం పట్టలేక తువ్వాలు నేలకేసి కొట్టి, వీణ్ణి ఎవడు తీసుకుపోతాడో గానీ వాడి ఖర్మ అని అరిచాడు. రోజారియో గారు తలాడించారు.

ఒక్క గోలుతో గెలిచాం. నేను పళ్ళికిలించుకుంటూ రోజారియో గారి దగ్గరికి వెళ్ళాను. ఆయన టోపీ పెట్టేసుకున్నారు. ఇవాళేదో కలిసొచ్చింది గానీ ఇతని మీద మీ ఊరికే నమ్మకం లేదన్నారు. రోజూ చూసేవాళ్ళ కంటే తనకి ఎక్కువ తెలియదట. బంతులు పంపలేననీ, ఉద్యోగానికి వేరే మనిషిని చూసుకుంటాననీ చెప్పి స్టేషను వైపు నడిచారు.

వెనకే పరుగెత్తాను. రత్తమ్మగారు పది అడుగుల దూరంలోనే ఉంది. మాట ఇచ్చినవాణ్ణి. ఆమెకి అర్థం కాకుండా ఇంగ్లీషులో మొదలుపెట్టాను, సర్, హీ ఈజ్ ది ఫైనెస్ట్ అంటూ. ఆయన నవ్వారు. అమ్మేవాడు సరుకుని పొగడక ఏం చేస్తాడు, బంతులు వచ్చేది మీకే కదా అన్నారు. తిట్లు దిష్టి తగలకుండా ఉండటానికని చెబితే ఇంకా నవ్వారు. బుల్లియ్యని పిలిచి, నిజం చెప్పరా బాబూ అన్నాను. బుల్లియ్య రత్తమ్మగారి వంక చూశాడు. తల వంచుకున్నాడు. గట్టు మీద ఒక్కడూ నోరు విప్పలేదు. రోజూ చెవులు చిల్లులు పడేలా అరిచే జనం! కొట్టాలనిపించింది.

అప్పుడు రత్తమ్మగారు దగ్గరికొచ్చి ఏమైందని అడిగింది. చెప్పాను, దాచలేదు. తిట్లు నిజమనుకుని ఉద్యోగం ఇవ్వనంటున్నారమ్మా అన్నాను. దూరంగా పెదబాబు కాళ్ళు కడుక్కుంటున్నాడు. వాడి వంక చూసింది. కొంగు బిగించుకుని గబగబా నడిచి రోజారియో గారికి ఎదురుగా నిలబడింది.

“బాబుగారండి, నా కొడుకంతటోడు ఈ గోదారికి ఈ ఒడ్డునా లేడు, ఆ ఒడ్డునా లేడండి. ఆడి చేతిలో పడ్డాక జారిపోయింది ఏదీ లేదండి. కన్నతల్లిని, భయపడి ఇన్నాళ్ళూ నేనే అందరి నోళ్ళూ కట్టేశానండి. నా దిష్టే తగలాలంటే తగలనీండి. ఆడు బంగారం.”



అంతే, గట్టు తెగింది. ఫిబ్రవరినుంచి లోపల దాచుకున్నదంతా ఒక్కసారి బయటపడింది. ఒకడు ఏలూరు ఆట చెబుతాడు, ఒకడు తుని ఆట చెబుతాడు, అందరూ ఒకేసారి చెబుతారు. బుల్లియ్య రోజారియో గారి చెయ్యి పట్టుకుని ఏడుస్తున్నాడు. వీడు లేకపోతే మేమేం చూస్తామండి శనివారాలు అంటున్నాడు. ఒక్క బంతి చాలన్నవాడు! పాపం, రోజారియో గారు టోపీ తీసి చేతిలో పట్టుకుని ఒక్కొక్కరినీ మార్చి మార్చి చూశారు. చివరికి, మీ ఊరివాళ్ళకి సరుకు అమ్మడం రాదండీ అన్నారు. పెదబాబుని పిలిచి చెయ్యి కలిపారు.

నవంబరు 22. ఆదివారం.

మిషను గుళ్ళో కూర్చుని పెదబాబుకి జ్వరం రాకూడదని ప్రార్థించాను. సాయంత్రం రత్తమ్మగారు ఉప్పు, మిరపకాయలు దిగదుడిచింది. ఉప్పు మా ఇంట్లోదే. పాదిరిగారికి తెలియనక్కర్లేదు.

నవంబరు 23.

జ్వరం రాలేదు. రెండు బంతులూ, పంపూ పంపిస్తామని కాకినాడనుంచి టెలిగ్రాం వచ్చింది. మూడు అడగాల్సిందని బుల్లియ్య సణుగుతున్నాడు.

నవంబరు 30. సోమవారం.

పెదబాబుని బండి ఎక్కించి వచ్చాను. సామర్లకోటలో మారాలని నాలుగుసార్లు చెప్పాను. వాడు గది సర్దుకున్నాక రత్తమ్మగారు వెళుతుంది.

అప్పటికి బండి ఇంకా రాలేదు. ప్లాట్‌ఫారం మీద ఇద్దరమే ఉన్నాం. ఉన్నట్టుండి, ఆ రోజు గట్టు మీద జనం అన్నవన్నీ నిజమేనాండి అని అడిగాడు. ఏవని అడిగాను. మంచి మాటలండి అన్నాడు. నవ్వొచ్చింది. నిజం కాక? దిష్టి తగలకూడదనే కదరా తిట్టింది అన్నాను. వాడు నవ్వలేదు.

“నాకెవరూ చెప్పలేదండి. జ్వరం తగ్గి వచ్చేసరికి అందరూ తిడుతున్నారు. ఇంట్లో అమ్మ కూడా బాగా ఆడావనదు. నిజంగానే చేతకాకుండా పోయాననుకున్నానండి. బంతి వస్తుంటే చేతులు భయపడేవండి.”

అవును మరి, మేమంతా మాటిచ్చుకున్న రోజున వాడు మంచం మీద ఉన్నాడు. తిట్లు వాడి కోసమని వాడికి తప్ప ఊరందరికీ తెలుసు. ఫామ్ ఎందుకు తగ్గిందని నెల రోజులు గట్టు మీద కూర్చుని వాదించుకున్నాం, మేధావులం! వాడికి చెప్పాలని ఒక్కడికి తోచలేదు.

నువ్వు బాగా ఆడతావురా అన్నాను. బండి కూతలో వినబడలేదేమోనని మళ్ళీ అన్నాను. ఆయ్, ఇన్నానండి అన్నాడు. కళ్ళు తుడుచుకుని పెట్టె ఎక్కాడు. ఇంటికొచ్చి అన్నం తినబుద్ధి కాలేదు.

డిసెంబరు 26. శనివారం.

కాకినాడవాళ్ళు వచ్చి ఆడారు. రెండు గోల్స్‌తో ఓడిపోయాం. పెదబాబుని దాటి ఒక్క బంతి పోలేదు. గట్టంతా గొంతులు పోయేలా వాణ్ణే పొగిడాం. మన గోలు దగ్గర మన కొత్త గోల్‌కీపరు గంగరాజు నేల చూపులు చూస్తూ నిలబడ్డాడు. వాడు ఆపినవి తక్కువేం కాదు. రేపు గుడికంటే ముందు వాళ్ళింటికి వెళ్ళాలి.