మూడున్నర సెంటీమీటర్లు

కామారెడ్డి,
మార్చి 4, మంగళవారం.

ప్రియమైన తమ్ముడు జైసింగ్‌కు,

ఈ సంగతి ఇప్పుడే చెప్పవలసి రావడానికి కారణం ఉంది. వచ్చే సోమవారం మన జిల్లా అంబులెన్సుల్లో రోగులకు అత్యవసర చికిత్స చేసే ముప్పై ఎనిమిది మంది ఈఎంటీల సర్టిఫికెట్ రెన్యువల్ కాగితాలు హైదరాబాదు వెళ్తాయి. ప్రతి కాగితం కింద శిక్షకురాలిగా నేను సంతకం చేయాలి. గుండె ఆగిన మనిషికి ఇతడు తగినంత లోతుగా ఛాతీ నొక్కగలడని నేను స్వయంగా పరీక్షించానని ఆ సంతకానికి అర్థం. అది నిజం కాదు. నీ కాగితం విషయంలోనూ నిజం కాదు.

మీ బండిలో తీసుకుపోయిన మైసన్న చనిపోయిన మరునాడు నువ్వు ఫోన్ చేశావు. "అక్కా, నా చేతుల్ల ఏమన్న తప్పున్నదా? గంత మట్టుకు చెప్పు" అన్నావు. "నీ తప్పేం లేదు తమ్ముడూ, నేను నేర్పినట్టే చేసినవ్ కద" అన్నాను. అప్పటి నుండి నువ్వు బండి ఎక్కడం లేదని, ఉద్యోగం మానేస్తానంటున్నావని మీ బండి నడిపే అబ్రాహాము అన్న చెప్పాడు. "పదేండ్ల సంది పైలట్‌గ చేస్తున్న, గిసొంటి పిల్లగాన్ని చూడలే. చేసిన పనికి ఏడ్సెటోడు ఉంటడా మేడం?" అని ఆయన ఆక్సిజన్ సిలిండర్లు ఎక్కిస్తూ నన్నడిగాడు. ఈ ఉత్తరం ఆయన చేతికే ఇస్తున్నాను. ఫోన్‌లో అయితే మళ్లీ అబద్ధమే చెబుతానేమోనన్న భయంతో కాగితం మీద పెడుతున్నాను.

రెండేళ్ల క్రితం మన శిక్షణ కేంద్రంలో ఛాతీ నొక్కడం నేర్పే బొమ్మలోని స్ప్రింగు విరిగింది. కొత్తది తెప్పించడానికి మూడు నెలలు పడుతుందన్నారు. రిఫ్రెషర్ తరగతులు ఆగిపోకూడదని నేనే దాన్ని తీసుకుపోయి, స్టేషన్ దగ్గరి ఒక మెకానిక్‌తో వేరే స్ప్రింగు వేయించాను. ఆ సాయంత్రం స్కేలు పెట్టి కొలిచాను. ఐదు సెంటీమీటర్లు నొక్కితే రావలసిన "టక్" అనే చప్పుడు మూడున్నరకే వస్తోంది. మూడుసార్లు కొలిచాను. మూడుసార్లూ అంతే. ఈ బొమ్మ పనికిరాదని రాయడానికి కాగితం కూడా తీశాను.

ఆ కాగితం రాయలేదు. అంతకు నాలుగు నెలల ముందు సదాశివనగర్ దగ్గర స్కూటర్ జారి పడ్డానని నీకు తెలుసు. మణికట్టులో ప్లేటు వేశారని తెలియదు. చెయ్యి బాగైందని అందరికీ చెప్పాను. మంచి బొమ్మ మీద నా చెయ్యి నిమిషం కూడా నిలవదు. స్ప్రింగు కొలిచిన మరునాడే నా రెన్యువల్ పరీక్ష. హైదరాబాదు నుండి వచ్చిన పరీక్షకుడి ముందు ఆ మెత్తని బొమ్మ మీద రెండు నిమిషాలు నొక్కాను. ప్రతిసారీ టక్ అంది. ఆయన మెచ్చుకుని వెళ్లాడు. రేపు రాద్దాం అనుకున్నాను. రేపు రాస్తే నా పరీక్ష కూడా చెల్లదు. అలా రెండేళ్లు గడిచాయి.

ఆ రెండేళ్లలో మీరందరూ దాని మీదే నేర్చుకున్నారు. నీకు గుర్తుందా, తరగతిలో నువ్వు మొదటిసారి బలంగా నొక్కితే "ఓ జైసింగూ, బొమ్మకు పిల్లలున్నరు, మెల్లగ" అని అందరూ నవ్వారు. నేను కూడా నవ్వి, "చప్పుడు వచ్చిన కాడ ఆగు" అన్నాను. నీ చేతులు సరైన లోతుకే వెళ్లాయి. వాటిని పైకి తెచ్చింది నేను.

ఈ తప్పు దాచుకుని రొట్టె, ద్రాక్షరసం తీసుకోలేక, రెండేళ్లుగా చర్చిలో ప్రభు బల్ల దగ్గరికి నేను లేచి వెళ్లడం లేదు. మా ఆయన యాకూబు ఒక్కసారి కూడా కారణం అడగలేదు.

ఇప్పుడు నా ఆలోచన చెబుతాను. పాత బొమ్మను పక్కన పెట్టించాను. కొత్తది వచ్చింది. ఈ సోమవారం కాగితాలు పోనిచ్చి, తరవాత ఒక్కొక్కరినీ పిలిచి, అదనపు అభ్యాసం అన్న పేరుతో సరైన లోతు నేర్పిస్తాను. కారణం ఎవరికీ చెప్పను. చెబితే ముప్పై ఎనిమిది సర్టిఫికెట్లు ఒక్కరోజే చెల్లకుండా పోతాయి, బండ్లు ఆగుతాయి. నా ఉద్యోగం కూడా పోతుంది. ఆ మాట చివర రాసినంత మాత్రాన అది చిన్న కారణం అనుకోకు. నీకు ఒక్కడికే చెప్పాను, నువ్వు నిన్ను తిట్టుకోవడం మానాలని. సోమవారం దాటేదాకా ఈ సంగతి నీలోనే ఉంచుకోమని వేడుకుంటున్నాను.

నీ అక్క,
కృపాజ్యోతి


ఎల్లారెడ్డి,
మార్చి 6, గురువారం.

పూజ్యులైన కృపాజ్యోతి అక్కకు నమస్కారాలు.

మీ ఉత్తరం నాలుగుసార్లు చదివాను. మా అమ్మ లచ్చి పక్కనే కూర్చుని, "ఏమొచ్చింది రా, పని పోయిందా?" అని అడిగింది. లేదన్నాను. నేను ఎవరికీ చెప్పని మాట ఒకటి ఉంది. మీరు చెప్పారు కాబట్టి నేనూ చెబుతున్నాను.

ఆ రోజు మైసన్న పొలంలో యూరియా చల్లుతూ పడిపోయాడు. ఫోన్ వచ్చిన పదకొండు నిమిషాలకు చేరాం. గుండెకు షాక్ ఇచ్చే యంత్రం పెట్టి చూస్తే, షాక్ వద్దని చెప్పింది. ఇక చేతులే దిక్కు. భయంలో మొదట చాలా గట్టిగా నొక్కాను. అరనిమిషంలోనే పక్కటెముక విరిగిన చప్పుడు నా అరచేతికి తెలిసింది. వెంటనే మీ తరగతి గుర్తొచ్చింది. బొమ్మ దగ్గర చప్పుడు ఎక్కడ వచ్చేదో ఆ లోతు నా చేతులకు కొలత పెట్టినట్టు తెలుసు. దాన్ని దాటి పోయాను, మనిషిని విరగ్గొట్టాను అనుకున్నాను. తగ్గించాను అక్కా. అక్కడి నుండి ఆసుపత్రిదాకా ఇరవై ఎనిమిది నిమిషాలు తగ్గించే నొక్కాను. అబ్రాహాము అన్న ముందు నుండి, "గట్ల దువ్వినట్టు ఒత్తుతవేందిరా, గట్టిగ ఒత్తు!" అని అరిచాడు. "నువ్వు బండి నడుపన్నా, నాకు తెలుసు" అన్నాను.

ఎముక విరగ్గొట్టినందుకే చచ్చిపోయాడని ఇన్నాళ్లూ అనుకున్నాను. ఇప్పుడు మీరు రాసింది చదివితే, మొదటి అరనిమిషమే సరిగ్గా చేశానని తెలిసింది. ఏది ఎక్కువ బాధో నాకు అర్థం కావడం లేదు.

ఆయన భార్య ముత్తవ్వ బండిలోనే ఉంది. ఆసుపత్రి మెట్ల దగ్గర నాకు సీసాతో నీళ్లిచ్చింది. "తాగు బిడ్డా, శానా అలిసినవ్. నీ అసొంటోడు ఉన్నడు గన్క గీడిదాక తెచ్చినం" అంది. ఆ నీళ్లు తాగాను అక్కా.

మీరు నన్ను ఓదార్చడానికి రాశారు. కానీ మీరడిగింది చేయలేను. సోమవారం దాటాక ఒక్కొక్కరినీ పిలుస్తామన్నారు. ముప్పై ఎనిమిదో మనిషి వంతు వచ్చేలోపు జుక్కల్ బండిలో, బీబీపేట బండిలో ఎందరు ఎక్కుతారు? వాళ్లకు కారణం చెప్పకపోతే మీరు నేర్పింది కూడా నమ్మరు. రెండేళ్లు చప్పుడు దగ్గర ఆగమని చెప్పి, ఇప్పుడు దాటిపొమ్మంటే పక్కటెముక విరగ్గానే నాలాగే భయపడి తగ్గిస్తారు.

మీ మీద కోపం ఉంది. రాయకపోతే అబద్ధం అవుతుంది. అయినా నాకు మొదటి కాన్పు కేసులో బొడ్డుతాడు పట్టుకోవడం ఫోన్‌లో నేర్పింది మీరే. ఆ పాప ఇప్పుడు నడుస్తోంది. మీరు రాయండి. రాసేటప్పుడు ఎల్లారెడ్డి జైసింగ్ లోతు తగ్గించాడని నా పేరు కూడా పెట్టండి. మీరు రాయకపోతే నేను రాస్తాను.

మీ విద్యార్థి,
జైసింగ్


కామారెడ్డి,
మార్చి 11, మంగళవారం.

ప్రియమైన తమ్ముడు జైసింగ్‌కు,

నిన్న రెన్యువల్ కాగితాలు పంపలేదు. వాటికి బదులుగా నాలుగు పేజీల నివేదిక పంపాను. స్ప్రింగు మార్చిన తేదీ, కొలిచిన లోతు, ఆ బొమ్మ మీద పరీక్షించిన ముప్పై ఎనిమిది మంది పేర్లు, నా మణికట్టు ఎక్స్‌రే అందులో ఉన్నాయి. నీ పేరు ఆ జాబితాలో అందరి మధ్య ఉంది, వేరుగా పెట్టలేదు. నువ్వు తగ్గించిన సంగతి నీది. చెప్పాలనుకుంటే నీ నోటితో చెప్పు. నేర్పింది మాత్రం నాది, దాన్ని నీతో పంచుకోను.

పై అధికారి మధ్యాహ్నమే ఫోన్ చేశారు. "ఏంది మేడం ఇది? బొమ్మ పాతగైంది, మార్చినం అని ఒక్క ముక్క రాస్తే అయిపోతుండె గద. ఇప్పుడు గీ ముప్పై ఎనిమిది మందిని ఇంట్ల కూసోపెట్టి బండ్లు మీరు నడుపుతరా?" అన్నారు. ఆయన కోపంలో న్యాయం ఉంది. "గురువారం నుండి ఆరుగురు చొప్పున పిలవండి సార్, వారంలో అయితది" అన్నాను. ఆయన చివరికి ఒప్పుకున్నారు. ముప్పై ఎనిమిది మందికీ నిన్న సాయంత్రమే సందేశం పోయింది: చప్పుడును నమ్మవద్దు, ఐదు సెంటీమీటర్లకు తగ్గవద్దు, ఆరు దాటవద్దు, ఎముక విరిగినా ఆపవద్దు. కారణం కూడా రాశాను.

తరగతి ఇంకో శిక్షకుడు అరుణ్‌కుమార్ తీసుకుంటాడు. నన్ను శిక్షణ నుండి తప్పించారు. విచారణ ఉంటుంది. రెన్యువల్‌కు నేను దరఖాస్తు పెట్టలేదు, ఈ నెలాఖరుకు నా సర్టిఫికెట్ ముగుస్తుంది. పదహారేళ్ల ఉద్యోగం తరవాత ఉదయం లేచి ఎక్కడికి పోవాలో తెలియకపోవడం ఎలా ఉంటుందో నీకు రాయడం తగదు. యాకూబుకు అంతా చెప్పాను. "నీ చెయ్యి నొస్తున్నదని నాకెర్కనే. చెప్తవని చూసిన" అన్నాడు.

ముత్తవ్వ దగ్గరికి నేను వెళ్లాలి. నువ్వు తోడు రావాలని అడగను. ఆమె నీకు నీళ్లిచ్చిన మనిషి, నాకేమిస్తుందో ఊహించలేను.

ఇన్నేళ్ల రికార్డులు నిన్న మళ్లీ తిరగేశాను. ఈ రెండేళ్లలో మన జిల్లా బండ్లలో మనవాళ్లు ఛాతీ నొక్కిన కేసులు ఇరవై మూడు. ఒక్కరూ బతకలేదు. మన దూరాలకు, మన రోడ్లకు మంచి చేతులు పడినా చాలామంది బతకరు. అది నిజమే, దాని వెనక దాక్కునే హక్కు మాత్రం నాకు లేదు. మైసన్న పేరు దగ్గర ఆగి, పదకొండు నిమిషాలు, ఇరవై ఎనిమిది నిమిషాలు అని పక్కన రాసి, ఏ లెక్కా వేయలేక పుస్తకం మూసేశాను.

మొదటి ఆరుగురిలో నీ పేరు వేయించాను. గురువారం ఉదయం తొమ్మిదింటికి. నువ్వు వస్తావో, ఉద్యోగం మానేస్తావో నాకు తెలియదు. ఐదు సెంటీమీటర్లు నొక్కి ఉంటే మైసన్న బతికేవాడో లేదో అది కూడా తెలియదు. అడిగితే ముత్తవ్వకు ఇదే చెబుతాను.

కృపాజ్యోతి