టీ కొట్టు పక్క గేటు

స్కార్‌బెక్,
డిసెంబరు 4, బుధవారం.

గౌరవనీయులైన శ్రీ జోలియన్ పెథెరిక్ గారి సముఖమునకు,
ముఖ్య నిర్వహణాధికారి,
స్కార్‌బెక్ టౌన్ ఫుట్‌బాల్ క్లబ్బు.

అర్జీదారు: క్లిఫర్డ్ ఎంట్విజిల్, వయస్సు 69, విశ్రాంత బస్సు డ్రైవరు, 11, టానర్స్ వీధి. సీజన్ టికెట్టు నంబరు 17 (శ్మశానం వైపు).

విషయం: సీజన్ టికెట్టును మైదానము యొక్క రెండు కొసలకు రెండు ధరలుగా విభజించుట, ప్రేక్షకుల హాజరు తప్పుగా నమోదగుట, మరియు క్రిస్మస్ మర్నాటి ఆటలో టీ కొట్టు పక్క గేటును పదిహేను నిమిషముల పాటు తెరిచియుంచుట గురించి.

అయ్యా,

పై చిరునామాలో నివసించు అర్జీదారు తమ దృష్టికి తెచ్చునది ఏమనగా:

1. అర్జీదారు తన తొమ్మిదవ ఏట నుండి, అనగా అరువది సంవత్సరములుగా, ఈ క్లబ్బు ఆటలను చూచుచున్నాడు. ఇందులో క్లబ్బు గెలిచినవి ఎన్ని అని తమరు అడగరాదు, అర్జీదారు చెప్పరాదు.

2. గత సంవత్సరము వరకు సీజన్ టికెట్టు నూట పది పౌండ్లు. దానితో మైదానములో ఎక్కడనైనను నిలబడవచ్చును. ఈ సంవత్సరము తమరు వచ్చి, రైలు గట్టు వైపు నూట డెబ్బది, శ్మశానం వైపు నూట ముప్పది, రెండు వైపులకు కలిపి రెండువందల డెబ్బది అని నిర్ణయించినారు. కలిపి కొన్నవారికి ముప్పది పౌండ్లు తగ్గింపు అని గోడకు కాగితము కూడ అంటించినారు. ఇప్పటికి ఆ కలిపిన టికెట్టు కొన్నవారు నలుగురు. అందులో ఇద్దరు పొరపాటున కొన్నారు.

3. తమరు దక్షిణాది నుండి వచ్చినవారు, పెద్ద క్లబ్బులలో పనిచేసినవారు. అక్కడ ఎవరి కుర్చీ వారిది. ఇక్కడ కుర్చీలు లేవు. టాస్ పడి, మా జట్టు ఏ వైపు గోల్ మీదికి దాడి చేయునో తేలిన తరువాత, మేమందరము నడిచి ఆ గోల్ వెనుకకు పోయి నిలబడుదుము. సగం ఆటకు జట్లు కొసలు మార్చుకొనును గనుక, మేమును టీ కొట్టు మీదుగా అవతలి కొసకు నడుచుదుము. వచ్చిన పొరుగూరివారు మాకు ఎదురు నడుచుచు ఇవతలి కొసకు వత్తురు. మా తాతలు అలా నడిచారు, మా నాన్నలు అలా నడిచారు. పోలీసులు అక్కరలేదు, కంచె అక్కరలేదు. ఎదురైనవాడిని ఒక మాట అనడం, పడడం, నవ్వడం, అంతే.

ఒక్క కొస టికెట్టుతో ఈ నడక పోతుంది. సగం ఆట మా వాళ్ళు గోల్ కొట్టడానికి తంటాలు పడడం చూస్తాను. మిగతా సగం మా గోల్‌కీపరు వీపు చూస్తాను. అతను మంచి కుర్రాడే, వీపు కూడా బాగానే ఉంటుంది, కానీ నూట ముప్పై పౌండ్ల వీపు కాదండి.

4. ఇక హాజరు సంగతి. టీ కొట్టు పక్క తమరు కంచె వేసి పెట్టించిన కొత్త గేటులో యంత్రమున్నది. టికెట్టు చూపితే అది కుయ్యిమని కూసి, ఒక మనిషి అని రాసుకొనును. ప్రయోగాత్మకముగా మొదటి ఏడు ఆటలకు ఆ గేటును అందరికీ వదిలినారు, అందుకు కృతజ్ఞతలు. అయితే వీధి గేటు దగ్గర ఒకసారి లెక్కకు వచ్చిన మనిషి, సగం ఆటకు కొస మారినప్పుడు మరల లెక్కకు వచ్చినాడు. ఆ విధముగా గత శనివారము మైకులో “నేటి హాజరు ఆరువందల నలభై ఒకటి” అని ప్రకటించగా, మేమందరము ఒకరి ముఖములు ఒకరము చూచుకొంటిమి. మిగిలినవారు మరుగుదొడ్డిలో ఉన్నారేమోనని ఒకాయన వెళ్ళి చూచి వచ్చినాడు. లేరు.

5. మరుగుదొడ్డి ప్రస్తావన వచ్చినది గనుక దాచుట మర్యాద కాదు. మగవారి మరుగుదొడ్డి రైలు గట్టు వైపు మాత్రమే ఉన్నది. అర్జీదారు వయసు రీత్యా మొదటి సగములోనే రెండుసార్లు పోయి రావలసిన స్థితిలో ఉన్నాడు. పోయినప్పుడు ఒక కుయ్యి, వచ్చినప్పుడు ఒక కుయ్యి. వీధి గేటు, కొస మార్పు కలుపుకొని, ఆ ఆరువందల నలభై ఒక్కరిలో ఆరుగురు నేనే.

6. ఈ విషయమును గత నెలలో గేటు దగ్గరనే తమకు నోటిమాటగా విన్నవించితిని. ఆ సంభాషణ తమకు జ్ఞాపకముండకపోవచ్చును గనుక ఇచ్చట పొందుపరచుచున్నాను.

“సార్, ఈ గేటు ఒకే మనిషిని మళ్ళీ మళ్ళీ లెక్కపెడుతోందండీ,” అన్నాను.

“ఎంట్విజిల్ గారూ, అంకెలు అబద్ధం చెప్పవండీ,” అని తమరు నవ్వారు.

“చెప్పవండీ. కానీ అంకెలు ఒంటికి కూడా వెళ్ళవు. నేను వెళ్తాను.”

తమరు నా భుజం తట్టి, పెద్దమనిషి సరదా మనిషి అనుకుని వెళ్ళిపోయారు.

7. టీ కొట్టు నడుపు శ్రీమతి డోరీన్ హెసెల్టైన్ గారి వాంగ్మూలము కూడ ఇందుతో జతపరచుచున్నాను. ఆమె ఇరువది రెండు సంవత్సరములుగా మా అందరికీ టీ, మాంసం కూరిన ‘పై’ రొట్టెలు, చిదిపిన బఠాణీలు పెట్టి పోషించుచున్న వ్యక్తి. హాజరు రెండింతలు దాటినదటగదా అని అడిగితే ఆమె గరిటె ఆపకుండానే అన్న మాటలు ఇవి:

“జనం పెరిగితే నా బఠాణీలకి తెలియదా, నాయనా? పోయినేడు ఇదే టైముకి ఆటకి తొంభై పైలు పోయేవి. ఇప్పుడు డెబ్భై పోతే గొప్ప. మీ ఆఫీసరు చెప్పే ఆరువందల మంది ఇంట్లో తిని వస్తున్నారేమో కనుక్కో.”

8. అర్జీదారు ముప్పది నాలుగు సంవత్సరములు బస్సు నడిపినవాడు. తలలు లెక్కపెట్టుట అతనికి ఊపిరితో సమానము. గత శనివారము స్వయముగా లెక్కించగా రెండువందల నాలుగు తలలు, మూడు కుక్కలు. పోయినేడు ఇదే ఆటకు రెండువందల అరువది. అనగా ధర పెంచిన తరువాత మనుషులు తగ్గినారు, కుయ్యిలు పెరిగినవి. తమరు కుయ్యిలను చూచి సంతోషించి, వచ్చే ఏడు ధర మరల పెంచుదుమనియు, క్రిస్మస్ మర్నాటి నుండి టీ కొట్టు పక్క గేటును కలిపిన టికెట్టు లేనివారికి మూసివేయుదుమనియు నోటీసు ఇచ్చినారు. పొరుగూరి నుండి వచ్చు ప్రేక్షకులకు ఆ గేటు పూర్తిగా మూతయట. అది చదివి అర్జీదారు రెండు రాత్రులు సరిగా నిద్రపోలేదు. ఎందుకో చెప్పుటకే ఈ అర్జీ. పైన రాసినదంతా దీనికి ముందు దగ్గు లాంటిదని గ్రహించవలెను.

9. క్రిస్మస్ మర్నాడు మన ఆట హెబ్‌షా రోవర్స్‌తో. హెబ్‌షా ఆరు మైళ్ళు. అర్జీదారుకు విల్ఫ్రెడ్ అను ఒక తమ్ముడు కలడు. అతను హెబ్‌షా పిల్లను చేసుకొని, అక్కడే కాపురము పెట్టి, హెబ్‌షా జట్టుకే జేజేలు కొట్టసాగినాడు. ఇల్లరికపుటల్లుడు అత్తగారి పాట పాడక తప్పదని అప్పట్లో అర్జీదారు ఊరంతా చెప్పుకు తిరిగినాడు. మా అమ్మ మాత్రం ఇద్దరికీ చెరొక మఫ్లరు అల్లింది. నాకు ఎర్రది, వాడికి నీలంది. నీలం ఊలు కొనడానికి ఆ తల్లి స్కార్‌బెక్‌లో కాదని, ఎవరికీ కనబడకుండా బస్సెక్కి పక్క ఊరు పోయింది. ఆ బస్సు నడిపింది నేనే. సంచిలో ఏముందే అని అడిగితే ఉల్లిపాయలంది.

10. పదకొండేళ్ళ క్రితం అమ్మ పోయింది. ఆ రోజు విల్ఫ్ నల్ల కోటు మీద ఆ నీలం మఫ్లరు వేసుకుని చర్చికి వచ్చాడు. నాకు ఒళ్ళు మండింది.

“అది తీసి రా లోపలికి,” అన్నాను.

“అమ్మ అల్లింది,” అన్నాడు.

“ఈ ఊళ్ళో ఆ రంగు వేసుకుని అమ్మని సాగనంపుతావా?”

“అమ్మ అల్లిందిరా, క్లిఫ్,” అన్నాడు మళ్ళీ. తీయలేదు. వెనక వరుసలో కూర్చుని, అందరికంటే ముందే వెళ్ళిపోయాడు.

వాడు చెప్పింది నిజం. అది నాకు ఆ సాయంత్రమే తెలిసింది. తెలియడం ఒక ఎత్తు, చెప్పడం ఒక ఎత్తు అని తమరికి నేను చెప్పనక్కరలేదు.

11. అప్పటి నుండి అర్జీదారుడును అతని తమ్ముడును ఏడాదికి రెండుసార్లు మాత్రమే కలియుదురు, ఒకసారి అక్కడ, ఒకసారి ఇక్కడ, సగం ఆటకు కొసలు మారునప్పుడు, ఎదురెదురు నడకలో. ఆ సమావేశముల సారాంశము ఇది. మొదటి మూడేళ్ళు ఇద్దరమూ బూట్లు చూసుకుంటూ పోయాం. నాలుగో ఏడు వాడు తల ఊపాడు. ఆరో ఏడు “చలి,” అన్నాడు. “చలే,” అన్నాను. తొమ్మిదో ఏడు మోకాళ్ళ సంగతి అడిగాను. పోయినేడు వాడు “జీన్ ఎలా ఉంది?” అని మా ఆవిడను పేరుపెట్టి అడిగాడు. ఇంటికి పోయి ఆ మాట చెబితే జీన్ చేతిలో పళ్ళెం పక్కన పెట్టి కుర్చీలో కూర్చుంది. ఈ వేగాన ఇంకో రెండేళ్ళలో మఫ్లరు దాకా వచ్చేవాడినే. నాకు తొందర లేదనుకున్నాను.

12. ఈ ఆగస్టులో హెబ్‌షా మైదానంలో వాడు మొదటిసారి నడక ఆపి నిలబడ్డాడు.

“జనవరిలో మోకాలు కోస్తారట. ఆ తర్వాత మెట్ల మీద గంటలకొద్దీ నిలబడే ఆటలు వద్దన్నాడు డాక్టరు. ఇంట్లో రేడియోలో వినమన్నాడు,” అన్నాడు.

“అలాగా.”

“క్రిస్మస్ మర్నాడు మీ ఊరొస్తా. అదే ఆఖరు.”

“అలాగా,” అన్నాను మళ్ళీ. జనం వెనక నుంచి తోస్తున్నారు. వాడు వాడి కొసకు, నేను నా కొసకు పోయాం. ఆ రెండో “అలాగా” తలుచుకుంటే ఇప్పటికీ నా మీద నాకే కోపం వస్తుంది.

13. కావున అయ్యా, ఆ రోజు తమ గేటు మూసినచో వాడు రైలు గట్టు వైపు, నేను శ్మశానం వైపు, తొంభై నిమిషాలు అలాగే నిలబడి ఇళ్ళకు పోతాం. అర్జీదారు అరువది ఏళ్ళ హాజరుకు ప్రతిఫలముగా కోరునది ధర తగ్గింపు కాదు, పైకప్పు మరమ్మతు కాదు. ఆ ఒక్క సగం ఆట విరామమున, పదిహేను నిమిషములు, టీ కొట్టు పక్క గేటు రెండు వైపుల వారికీ తెరవవలెను. యంత్రమును ఆ కాసేపు ఆపి ఉంచినచో తమ లెక్కకును మంచిది.

14. ఫోన్ చేయవచ్చును గదా అని తమరు అనవచ్చును. డోరీన్ గారు కూడ అన్నారు. ఫోనులో చెబితే అది పెద్ద విషయం అయిపోతుంది, వాడు ఏడుస్తాడు, నేను ఏడుస్తాను, జీన్ ఫోన్ లాక్కుంటుంది. ఇది నడుస్తూ, చేతిలో టీ పట్టుకుని, ఎటో చూస్తూ చెప్పవలసిన మాట.

15. తమరు చెడ్డవారు కారని అర్జీదారుకు తెలియును. అక్టోబరు వానలో కాలువ పొంగినప్పుడు ప్యాంటు మోకాళ్ళ దాకా మడిచి చీపురు పట్టిన అధికారిని ఈ క్లబ్బు అంతకు ముందు చూడలేదు. అటువంటివారు ఒక గొళ్ళెం తీయలేరా అన్న ధైర్యముతోనే ఇంత దూరము వ్రాసితిని.

పై సంగతులన్నియు దయతో చిత్తగించవలెను. తప్పులున్న మన్నించవలెను, గేటు మాత్రము తీయించవలెను.

తమ విధేయుడు,
క్లిఫర్డ్ ఎంట్విజిల్
(హాజరు: ఒక్కడు)

తా.క.: సంతకము చేసిన తరువాత ఈ అర్జీని మా ఆవిడ జీన్ కళ్ళజోడు పెట్టుకుని మొదటి నుండి చివరి దాకా చదివినది.

“ముక్కూ మొహం తెలియని పెథెరిక్ గారికి ఇంత చెప్పావే, విల్ఫ్‌కి ఇందులో ఒక్క ముక్కయినా చెప్పావా?” అంది.

“ఆగస్టులో చెబుదామనే అనుకున్నా.”

“అనుకోవడం బాగానే ఉంది. ఇంకో కాగితం తియ్యి. ఇదంతా మళ్ళీ రాయి. తపాలా బిళ్ళ నేను అంటిస్తా.”

కావున ఈ అర్జీ నకలు ఒకటి దిగువ వ్యక్తికి పంపడమైనది. పెథెరిక్ గారూ, ఈ కింది భాగం తమకు సంబంధించింది కాదు, చదవనక్కరలేదు.

నకలు: శ్రీ విల్ఫ్రెడ్ ఎంట్విజిల్, హెబ్‌షా. సమాచారము మరియు తగు చర్య నిమిత్తము.

విల్ఫ్, ఆ రోజు నువ్వు చెప్పిందే నిజం. అది అమ్మ అల్లింది. గేటు తీస్తే ఎప్పటిలాగే నడుస్తూ ఎదురుపడదాం. తీయకపోతే డోరీన్ కొట్టు పక్క కంచెకి ఇవతల నేను రెండు టీలు పట్టుకుని నిలబడి ఉంటాను, నీ దాంట్లో మూడు చెంచాల చక్కెర. చలిగా ఉంటుంది. నీలంది వేసుకురా.