నువ్వొద్దు, నాన్నే కావాలి

నా బంగారు అక్క సుమియాతికి,

ఒళ్లు కోలుకుంది కదా, ఇక పాపతో హాయిగా ఉన్నావా అని ఫోన్లో అడిగినప్పుడల్లా హాయిగానే ఉన్నానని చెప్పాను. పక్కన మీ మరిది ఉంటారు. అదీకాక, నిజం చెబితే ఏడుపు ఆగదని భయం. అందుకే ఇవాళ కాగితం ముందు కూచున్నాను.

లారస్‌కి ఇప్పుడు రెండేళ్ల పైన మూడు నెలలు. నేను ముట్టుకుంటే చాలు, ఒళ్లు కర్రలా బిగబట్టి వెనక్కి విరుచుకుంటుంది. నేను కలిపిన అన్నం తినదు. అదే గిన్నె వాళ్ల నాన్న తర్మడి చేతికిస్తే నోరు తెరుస్తుంది. చెప్పులు తొడగబోతే కాలితో తన్ని “నువ్వొద్దు! నాన్నే!” అంటుంది. మొన్న పెరట్లో పడి మోకాలు చీరుకుంది. నేను రెండడుగుల దూరంలోనే ఉన్నాను. ఎత్తుకోబోతే రెండు చేతులతో నా మొహం నెట్టేసి, రక్తం కారే కాలితోనే కుంటుకుంటూ, ఆయన పడవలు బాగుచేసే షెడ్డు దాకా పోయింది. చేపలు ఎండబెడుతున్న ఆడవాళ్లు నవ్వారు. “ఏం వినార్తీ, దీన్ని కన్నది నువ్వా, మీ ఆయనా?” అంది ఒకావిడ. నేనూ నవ్వాను. ఏం చెయ్యను?

మీ మరిది చెయ్యని ప్రయత్నం లేదు. “ఆకలేస్తే అదే నీ దగ్గరికి వస్తుందిలే” అని ఒకరోజు తెల్లవారుతూనే దానికి కనబడకుండా పనికి వెళ్లారు. మధ్యాహ్నం దాకా ఏడ్చి ఏడ్చి కక్కుకుంది కానీ, నా చేతి నీళ్లు కూడా తాగలేదు. ఆరోగ్య కేంద్రం నర్సు, “ఈ వయసులో పిల్లలు ఒక్కరినే పట్టుకుని వేలాడతారమ్మా. బతిమాలొద్దు, కొట్టొద్దు. ఊరికే దగ్గర్లో ఉండు” అంది. ఆమెకు అసలు సంగతి చెప్పలేదు.

నీకు చెబుతున్నాను. నాకు మందులకు లొంగని క్షయ అని తేలేనాటికి అది ఎనిమిది నెలల పిల్ల. నన్ను వెనక గదిలో పెట్టారు. అప్పుడే పాకడం వచ్చింది. మా అత్త కళ్లుగప్పి గుమ్మం దాటేది. ఒకసారి నేను లేచేలోగా నా దుప్పటి కొస నోట్లో పెట్టుకుంది. ఆ రోజు నుంచి దాన్ని భయపెట్టడం మొదలుపెట్టాను. కళ్లురిమి “పో! పో!” అని అరిచేదాన్ని. కంచం నేలకేసి కొట్టేదాన్ని. ఒకరోజు చెప్పు విసిరాను. దాని భుజానికి తగిలింది. దానికి రోగం అంటకూడదు, అంతే నా మనసులో. అక్కా, లారస్ నేర్చుకున్న మొదటి మాట “పో”. ఆ పాఠం నేనే చెప్పాను. ఇప్పుడు నాకే అప్పజెబుతోంది.

నేను లేనప్పుడు ఇల్లంతా గెంతుతుందట. నేను గుమ్మంలో కనబడగానే వాళ్ల నాన్న కాళ్ల వెనక దాక్కుంటుంది. అందుకే ఒక నిర్ణయానికి వచ్చాను. నీ అన్నం కొట్టుకి మనిషి కావాలన్నావుగా, సోమవారం బస్సుకి నీ దగ్గరికి సురబాయా వస్తాను. ఆయనకింకా చెప్పలేదు.

నీ చెల్లెలు,
వినార్తి

అక్కా,

రావడం లేదని ఫోన్లో ఒక్క ముక్క చెప్పి పెట్టేశాను. కోపం వచ్చే ఉంటుంది. ఏం జరిగిందో రాస్తున్నాను.

ఆదివారం బట్టలు సర్దుతుంటే మీ మరిది చూశారు. అరుస్తారనుకున్నాను. చేతులకంటిన తారు కిరసనాయిలు గుడ్డతో తుడుచుకుంటూ గుమ్మంలో నిలబడ్డారు.

“చెప్పు విసిరావే, ఆ రోజు ఏమైందో తెలుసా నీకు?” అన్నారు.

“ఏడుస్తూ పోయింది.”

“పోయిందని నువ్వనుకున్నావు. నువ్వు తలుపేసుకున్నాక మళ్లీ వచ్చింది. తలుపుకి వీపు ఆనించి కూచుంది. ఎత్తుకొస్తే గింజుకుని మళ్లీ అక్కడికే. అక్కడే నిద్రపోయేది. ఒక్కరోజు కాదు వినార్తీ, నాలుగు నెలలు. నీకు తెలిస్తే తలుపు తీసేస్తావని అమ్మా నేనూ నోరు మూసుకున్నాం. నిన్ను పట్నం ఆసుపత్రికి తీసుకెళ్లాక, ఆ ఖాళీ గది ముందు కూడా వారం రోజులు కూచుంది. ఆ తర్వాతే మానేసింది. ఏడాదికి నువ్వు తిరిగొచ్చి ఇంకా రెండు నెలలు కాలేదు. అప్పుడే మూట కట్టావా?”

ఇన్నాళ్లూ అది నన్ను ఎరగదు కాబట్టే రావడం లేదనుకున్నాను. ఎరిగి, ఎదురుచూసి, విసిగి వదిలేసిందని తెలిశాక ప్రాణం ఇంకా విలవిల్లాడుతోంది. తెలియకపోయినా బాగుండేది.

బట్టలు తీసి మళ్లీ కొక్కేలకి తగిలించాను. దాంతో ఏదో మారిందనుకోకు. ఇవాళ్టికి పదకొండు రోజులు. అది ఆడుకునే చోటికి కాస్త ఎడంగా కూచుని చేపలు తోముకుంటున్నాను. పిలవను, చెయ్యి చాపను. “పో” అంటే రెండు జానలు జరుగుతాను, లేచి మాత్రం వెళ్లను. ఈ మధ్య పో అన్నాక తల తిప్పి చూస్తోంది, నిజంగా పోయానా లేదా అని. నేను అక్కడే ఉంటే మొహం చిట్లించి, నావైపు వీపు పెట్టుకుని కూచుంటుంది. నిన్న ఒక చేపతల తీసి నా మీదికి విసిరింది.

నర్సుకి ఈసారి దాచకుండా అంతా చెప్పాను. ఎన్నాళ్లు పడుతుందని అడిగాను. ఆమె నా చెయ్యి పట్టుకుని, “చెప్పలేనమ్మా” అంది. అబద్ధం ఆడనందుకు దండం పెట్టాను.

నీ కొట్టుకి ఇంకో మనిషిని చూసుకో అక్కా.

వినార్తి