కారు కింద తడి

బావా,
కారు కింద తడి సూసి, నిన్న బిగించిన కూలెంట్ పైపు మళ్లీ లీకయిందని కొత్తది కొనడానికి పరిగెత్తీసినావు. అది కూలెంట్ కాదు. ఇంజన్లో ఆ టర్బో బాగయిందని అత్త పొద్దున్నే బండి ముందర కొబ్బరికాయ కొట్టినాది. ఆ నీళ్లే అవి. సిప్పలు బోనెట్ మీదే ఉన్నాయి, అవి మాత్రం నీకు కనబడవు.

బండి మళ్లీ విప్పకు. అన్నం వండేసినాను, తిను. సాయంత్రం అత్తని ఎక్కించుకుని బొబ్బిలి వచ్చెయ్. మా సెల్లి నిశ్చితార్థానికైనా గ్రీజు సేతులు కడుక్కుని రా. మూడ్రోజులుగా నాతో కంటే ఆ టర్బోతోనే ఎక్కువ మాటాడినావు. నేను బస్సుకి ఎల్తన్నాను.
హైమ

ఇంకోటి, నీ పానాలు, స్క్రూడ్రైవర్ల సంచీ నాతో పట్టుకెల్తన్నాను. కావాలంటే కారు ఏసుకొచ్చి తీసుకో.