వంటమేస్త్రికి తెచ్చిన గ్యాసుబండ

సుజాతా,

నువ్వు ఆయాసంతో పోయి నేటికి ఏడాది. నీ సంవత్సరీకానికి వచ్చిన వంటమేస్త్రి, నువ్వు పదకొండేళ్లు దగ్గుతూ వండిన పొయ్యినీ, పక్కన పేర్చిన పత్తికట్టెనూ చూసి ముఖం చిట్లించాడు.

"మందులు కొట్టిన కట్టె ఇది. ఈ పొగలో నేను వండనండీ!"

నీ మొగుడు మారుమాట లేకుండా గుంటూరు వెళ్లి, స్టవ్వూ గ్యాసుబండా తెచ్చాడు. కన్నకొడుకే అయినా వాణ్ణి చూస్తే రోత పుట్టింది.

నీ కూతురు నా కొంగు పట్టుకుని, "నాయనమ్మా, అమ్మ అడిగుంటే నాన్న తెచ్చేవాడా?" అంది.

నువ్వు రెండుసార్లు అడిగావు. "చేలో కట్టె ఊరికే వస్తుంటే గ్యాసెందుకే?" అని రెండుసార్లూ నోరు మూయించింది నేనే. పిల్లకు ఆ నిజం చెప్పాను.

అది నా కొంగు వదిలేసింది.